బుడాపెస్ట్ వేన్నీళ్ళ స్నానశాలకు వెళ్తున్నారా?

హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో వేన్నీళ్ళ స్నానానికి వెళ్ళి ఉసూరుమంటూ తిరిగొచ్చేవాళ్ళు సాధారణంగా నాలుగు పొరపాట్లు ఒకే రోజు చేస్తారు. శనివారం వెళ్తారు. మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్తారు. కడుపునిండా తిని వెళ్తారు. దిగగానే అన్నిటికన్నా వేడిగా ఉన్న కొలను వెతుక్కుని అందులో అరగంట కూర్చుంటారు. ఈ నాలుగూ తప్పించుకుంటే మిగతాదంతా చిన్న చిన్న జాగ్రత్తలే.

మనకు వేడినీటి బుగ్గ అనగానే తీర్థం గుర్తొస్తుంది. బదరీనాథ్ తప్తకుండంలో మూడు మునకలు వేసి, తడిబట్టలతో పైకొచ్చి, దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోతాం. ఇక్కడి పద్ధతి దానికి పూర్తిగా వేరు. తల ముంచరు. మెడదాకా నీళ్ళలో కదలకుండా కూర్చుంటారు, లేస్తారు, కాసేపు ఆగుతారు, మరో కొలనులో దిగుతారు. రెండున్నర నుంచి మూడు గంటలు పట్టే పని ఇది. గంటలో చూసి వచ్చేద్దాం అనుకుంటే టికెట్ డబ్బులు దండగ.

నీళ్ళు ఎక్కడివి

నగరం మధ్యలో డాన్యూబ్ నది. పడమట బుడా కొండలు, తూర్పున చదునైన పెస్ట్. ఈ రెండిటి మధ్య నది వెంబడే భూమిలో ఒక పగులు ఉంది. బుడా కొండల సున్నపురాయిలో ఇంకిన వాననీళ్ళు లోతుకు దిగి, అక్కడ వేడెక్కి, ఆ పగులు దారిన పైకి వస్తాయి. హంగరీ కింద భూమి పైపొర పలచన. అందుకే చాలా దేశాల్లో కిలోమీటరు లోతుకు 30 డిగ్రీల చొప్పున వేడి పెరిగితే ఇక్కడ 50 డిగ్రీల దాకా పెరుగుతుంది. బుడా వైపు నీళ్ళు వాటంతట అవే బుగ్గలుగా పొంగుతాయి. పెస్ట్ వైపు బోరు వేయాల్సి వచ్చింది. విల్మోష్ జిగ్మొంది అనే గనుల ఇంజనీరు 1868లో మొదలుపెట్టి పదేళ్ళు తవ్వించి, 970 మీటర్ల లోతున 74 డిగ్రీల నీళ్ళు పట్టాడు. సేచెని స్నానశాల పుట్టింది ఆ నీటితోనే. 1938లో వేసిన రెండో బోరు 1,256 మీటర్లు, నీళ్ళు 77 డిగ్రీలు. అంత వేడి నీళ్ళను చల్లార్చి కొలనుల్లోకి వదులుతారు. పక్కనే ఉన్న జంతుప్రదర్శనశాలలో నీటి ఏనుగులు కూడా ఈ వేడినీళ్ళలోనే సుఖంగా బతుకుతున్నాయి.

నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం, సల్ఫేటు, బైకార్బొనేటు ఉంటాయి. కొన్నిచోట్ల గంధకపు వాసన లీలగా తగులుతుంది. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చిందంటే నీళ్ళు పాడైనట్టు కాదు, ఆ నీటి గుణమే అంత.

ఏ స్నానశాల ఎవరికి

సేచెని 1913లో తెరిచారు, 1927లో పెంచారు. పసుపుపచ్చ రాజభవనం లాంటి కట్టడం, బయట ఆవిరి కక్కే మూడు పెద్ద కొలనులు, లోపల మరో పదిహేను. ఫొటోల్లో మీరు చూసింది ఇదే. నీళ్ళలో నిలబడి చదరంగం ఆడే ముసలాయనలు కూడా ఇక్కడే కనిపిస్తారు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు, చలికాలంలో వెళ్ళేవాళ్ళకు, ఆడామగా కలిసి వెళ్ళేవాళ్ళకు ఇదే సులువు. రద్దీ కూడా ఇక్కడే ఎక్కువ. శనివారం రాత్రుళ్ళు సంగీతం, మద్యంతో పార్టీలు జరుగుతుంటాయి. ప్రశాంతత కోరేవాళ్ళు ఆ పూట దరిదాపులకు పోకపోవడం మంచిది.

రుదాష్ అసలైన తుర్కుల కాలపు కట్టడం. బుడా 1541 నుంచి 1686 దాకా ఆటోమన్ తుర్కుల చేతిలో ఉంది. సొకొల్లు ముస్తఫా పాషా ఏలుబడిలో, పదహారో శతాబ్దంలో దీన్ని ఇప్పుడున్న రూపానికి తెచ్చారు. ఎనిమిది స్తంభాల మీద గుమ్మటం, దాని కింద ఎనిమిది మూలల కొలను, గుమ్మటంలోని రంధ్రాల నుంచి జారే రంగురంగుల వెలుతురు. నడుమ కొలను 36 డిగ్రీలు. చుట్టూ గది నాలుగు మూలల్లో 28, 30, 33, 42 డిగ్రీల చిన్న కొలనులు. మిద్దె మీది కొలను నుంచి డాన్యూబ్ మొత్తం కనిపిస్తుంది. కట్టడం కోసం వెళ్ళేవాళ్ళకు మా ఓటు దీనికే. ఒక్క మెలిక ఉంది. తుర్కుల భాగాన్ని వారంలో కొన్ని రోజులు మగవాళ్ళకే, ఒక రోజు ఆడవాళ్ళకే కేటాయించడం చాలాకాలంగా వస్తున్న పద్ధతి. ఆడవాళ్ళ రోజు మంగళవారం. వారాంతంలో అందరికీ కలిపి. ఈ పట్టిక అప్పుడప్పుడు మారుతుంది కాబట్టి వెళ్ళే వారంలోనే వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకోండి. భార్యాభర్తలు బుధవారం వెళ్ళి గుమ్మంలో విడిపోవడం తరచూ జరిగేదే.

లుకాచ్ ఊళ్ళోవాళ్ళది. హంగు ఆర్భాటం లేదు, గోడల రంగు అక్కడక్కడా వెలిసింది, టికెట్ సేచెనిలో దాదాపు సగం. ప్రాంగణం గోడకు పాలరాతి పలకలు వరసగా కనిపిస్తాయి. ఈ నీళ్ళతో జబ్బు నయమైనవాళ్ళు కృతజ్ఞతగా చెక్కించి పెట్టినవి అవి. మన గుళ్ళో మొక్కు తీర్చుకున్నాక మెట్ల మీద పేరు చెక్కిస్తారే, అలాంటివే. రెండోసారి బుడాపెస్ట్ వెళ్ళేవాళ్ళు, జనాన్ని చూస్తే చిరాకుపడేవాళ్ళు నేరుగా ఇక్కడికే వెళ్ళొచ్చు. దానికి పక్కనే ఉన్న వెలి బేయ్ కూడా తుర్కుల కాలపుదే. చిన్నది, నిశ్శబ్దంగా ఉంటుంది, ఒకసారికి కొద్దిమందినే రానిస్తారు. ఉదయం ఒక విడత, మధ్యాహ్నం తర్వాత ఒక విడత నడుస్తుంది. నట్టమధ్యాహ్నం వెళ్తే తలుపులు మూసి ఉంటాయి.

గెల్లేర్ట్ గురించి పాత వ్యాసాలు చదివి వెళ్ళకండి. 1918లో తెరిచిన ఆ అందమైన స్నానశాలను బాగుచేయడానికి 2025 అక్టోబరు 1న మూసేశారు. 2028 దాకా తెరవరని ప్రకటించారు. కిరాయ్ కూడా 2020 నుంచి మూతపడే ఉంది.

పిల్లలతో వెళ్ళేవాళ్ళకు ముఖ్యమైన మాట. సేచెని, రుదాష్, లుకాచ్‌లలో 14 ఏళ్ళలోపు పిల్లలకు ప్రవేశం లేదు. వేడి, ఖనిజాలున్న నీళ్ళు చిన్న ఒంటికి పడవన్నది వాళ్ళు చెప్పే కారణం. గేటు దగ్గర బతిమాలినా లాభం ఉండదు. పిల్లలుంటే మార్గరెట్ ద్వీపంలోని పలాతినుష్‌కు వెళ్ళండి. అక్కడ వాళ్ళకోసమే కొలనులున్నాయి.

సంచిలో ఏం పెట్టుకోవాలి

ఈత దుస్తులు తప్పనిసరి. చీర, చుడీదారు, నూలు లెగ్గింగ్సు, లోదుస్తులతో కొలనులోకి దిగనివ్వరు. మగవాళ్ళ నూలు నిక్కర్లు, బెర్ముడాలు కూడా అంతే. నూలు నీళ్ళు పీల్చి బరువెక్కుతుంది, పోగులు రాలి వడపోత గొట్టాలకు అడ్డం పడతాయి. ఒళ్ళు కనిపించకూడదనుకునే ఆడవాళ్ళు మోచేతుల దాకా, మోకాళ్ళ దాకా వచ్చే నైలాన్ ఈత దుస్తులు హైదరాబాదులోనో విజయవాడలోనో ముందే కొనుక్కోండి. ఒంటిని అంటిపెట్టుకునే ఈత బట్ట అయితే పొడవు గురించి సాధారణంగా అడగరు. వదులుగా వేలాడే దాంతోనే పేచీ.

రుదాష్‌లో మగవాళ్ళ రోజున ఈత దుస్తులకు బదులు ఒక గుడ్డ ముక్క ఇస్తారు. పేరు కొతేన్. నడుముకు కట్టుకుంటే ముందువైపు మాత్రమే కప్పుతుంది. గోచీ ఎరిగిన జాతి కాబట్టి మనకిది మరీ అంత వింత కాకూడదు. కాకపోతే గోచీకి వెనక కూడా కొంత ఏర్పాటు ఉంటుంది.

జారని రబ్బరు చెప్పులు తెచ్చుకోండి. నేలంతా తడి రాయి. జారిపడటమే ఇక్కడ జరిగే మామూలు ప్రమాదం. తువ్వాళ్ళు రెండు కావాలి, ఒకటి కొలను దగ్గర, ఇంకోటి చివర్లో తుడుచుకోవడానికి. టికెట్లో తువ్వాలు కలిసి ఉండదు. అక్కడ అద్దెకో కొనుక్కునేందుకో దొరుకుతుంది కానీ ఊరికే డబ్బు వదులుతుంది. ఈత కొట్టే పొడవాటి కొలనులోకి తలకు టోపీ లేకుండా దిగనివ్వరు. వేన్నీళ్ళలో కూర్చునే కొలనులకు టోపీ అక్కర్లేదు. తడిబట్టలకు ఒక ప్లాస్టిక్ సంచి, అర లీటరు మంచినీళ్ళ సీసా ఒకటి. గాజు సీసా వద్దు.

వెండి వస్తువులన్నీ హోటల్ గదిలోనే తీసి పెట్టండి. మెట్టెలు, పట్టీలు, మొలతాడు వెండివైతే గంధకం తగిలి నల్లబడతాయి. రోల్డుగోల్డు రంగు పోతుంది. అసలు బంగారానికి ఏమీ కాదు కానీ, వేన్నీళ్ళలో ఉంగరాలు జారిపోతే ఆవిరి కమ్మిన కొలను అడుగున వెతకడం ఎవరి వల్లా కాదు. కాంటాక్ట్ లెన్సులతో దిగకూడదు. వెచ్చని నీళ్ళలో ఉండే సూక్ష్మక్రిములు లెన్సు కింద చేరి కంటిని దెబ్బతీస్తాయి. కళ్ళజోడు పెట్టుకుంటే ఆవిరికి ఏమీ కనపడదు, అయినా అదే మేలు.

ఎప్పుడు వెళ్ళాలి, టికెట్ ఎలా

సేచెని మామూలు రోజుల్లో ఉదయం 7 గంటలకు తెరుస్తారు. ఏడు నుంచి తొమ్మిది మధ్య ఊళ్ళో పెద్దవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. పదకొండుకు పర్యాటకుల గుంపులు దిగుతాయి. నాలుగు దాటితే ఉద్యోగాలు ముగించుకున్నవాళ్ళు చేరతారు. మంగళ, బుధ, గురువారాల ఉదయం అన్నిటికన్నా మేలు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, బయట సున్నా డిగ్రీలు, నీళ్ళు 38 డిగ్రీలు ఉన్నప్పుడు వెళ్ళడంలో ఉన్న సుఖం జులై ఎండలో ఉండదు. జులైలో వెళ్ళక తప్పకపోతే పొద్దున్నే వెళ్ళండి.

2025లో సేచెని రోజు టికెట్ 12,000 నుంచి 15,000 ఫోరింట్ల మధ్య ఉంది. వారాంతంలో ఎక్కువ, పొద్దున్నే వచ్చేవాళ్ళకు కొంత తక్కువ. ఫోరింట్లను నాలుగుతో భాగిస్తే దాదాపు మన రూపాయల లెక్క వస్తుంది. అంటే మనిషికి మూడు వేల పైమాటే. స్నానశాల సొంత వెబ్‌సైట్‌లోనో, కౌంటర్లోనో కొనండి. కౌంటర్ మీద పెన్జ్‌తార్ అని రాసి ఉంటుంది. వీధిలో, ఇతర వెబ్‌సైట్లలో వరస లేకుండా పంపిస్తామని అమ్మే టికెట్లకు అదనంగా కట్టేదంతా మధ్యవర్తికే పోతుంది. ఉదయం ఎనిమిదింటికి అసలు వరసే ఉండదు.

టికెట్లు రెండు రకాలు. లాకర్ టికెట్ అంటే ఆడవాళ్ళకు, మగవాళ్ళకు విడివిడిగా ఉన్న ఉమ్మడి గదిలో బట్టలు మార్చుకుని ఇనప అల్మరాలో సామాను పెట్టుకోవడం. క్యాబిన్ టికెట్ అంటే తలుపున్న చిన్న గది, మనిషి నిలబడి బట్టలు మార్చుకునేంత జాగా. ధరలో తేడా కొద్దిగానే ఉంటుంది. నలుగురి ముందు బట్టలు మార్చుకోవడం మనకు అలవాటు లేదు కనుక క్యాబినే తీసుకోండి. ఇద్దరు వెళ్తే ఒకరికి క్యాబిన్, ఒకరికి లాకర్ తీసుకుని ఆ గదినే ఇద్దరూ వాడుకోవచ్చు.

సేచెనికి వెళ్ళడానికి పసుపు రంగు మెట్రో గీత, ఎం1. 1896 నాటి ఈ మెట్రోలో ఒక చిక్కు ఉంది. చాలా స్టేషన్లలో అటు వెళ్ళే రైలుకు ఒక మెట్ల దారి, ఇటు వెళ్ళే రైలుకు రోడ్డుకు అవతల ఇంకో మెట్ల దారి. తప్పు దారిలో దిగితే మళ్ళీ పైకెక్కి రోడ్డు దాటాల్సిందే. నగరం మధ్య నుంచి వెళ్ళేటప్పుడు మెక్సికోయి ఊత్ వైపు అన్న బోర్డు ఉన్న మెట్లు దిగండి. స్నానశాల పేరే స్టేషన్ పేరు. కాగితం టికెట్ అయితే మెషీన్లో గుద్దించాకే ఎక్కండి, లేకపోతే జరిమానా. రుదాష్‌కు, లుకాచ్‌కు బుడా వైపు నది వెంట నడిచే 19, 41 నంబరు ట్రాములు రెండూ వెళ్తాయి.

లోపలికి అడుగు పెట్టాక

కౌంటర్లో చేతి గడియారం లాంటి ప్లాస్టిక్ పట్టీ ఇస్తారు. గేటుకు, లాకర్‌కు, క్యాబిన్‌కు అదే తాళం. క్యాబిన్ తలుపు బయటి నుంచి గట్టిగా మూసి, పట్టీని తాళం బిళ్ళకు ఆనించి, క్లిక్ మన్న శబ్దం వినపడేదాకా ఉంచాలి. ఆ శబ్దం రాకుండానే వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది. తర్వాత తలుపును ఒకసారి లాగి చూడండి. నంబరు మర్చిపోతే గోడకున్న యంత్రానికి పట్టీ చూపిస్తే నంబరు చెప్తుంది. పట్టీ పోగొడితే జరిమానా కట్టాలి. చేతికి బిగించే ఉంచండి.

బోర్డుల దగ్గర ఒక ఉచ్చు ఉంది. ఇంగ్లీషు అలవాటు కొద్దీ ఎఫ్ అక్షరం చూసి ఆడవాళ్ళ గది అనుకుంటారు. హంగేరియన్‌లో ఎఫ్‌తో మొదలయ్యే ఫేర్ఫి అంటే మగవాళ్ళు. ఎన్‌తో మొదలయ్యే నోయి అంటే ఆడవాళ్ళు. ఒక్కసారి పొరబడితే జన్మంతా గుర్తుంటుంది, కానీ అలా నేర్చుకోవాల్సిన పని లేదు.

బట్టలు మార్చుకునే ముందే లోపల దారులు కాస్త గమనించండి. సేచెనికి ఒకటికి మించి ద్వారాలున్నాయి. లోపల కొలనులన్నీ ఒకదాంట్లోంచి ఒకటి కలిసే ఉంటాయి. తడి ఒంటితో, తలతిరుగుతుండగా మీ క్యాబిన్ ఏ వైపో వెతుక్కోవడం చాలామందికి జరుగుతుంది. మీరు వచ్చిన వైపు ఏదైనా ఒక గుర్తు పెట్టుకోండి.

దిగే ముందు సబ్బుతో స్నానం చేయాలి. ఇది పేరుకు పెట్టిన నియమం కాదు. ముఖ్యంగా తలకు నూనె రాసుకునేవాళ్ళు ఆ రోజు రాసుకోకండి, రాసుకుని ఉంటే షాంపూతో పూర్తిగా వదిలించుకోండి. నూనె నీటి మీద తేలి అందరికీ అంటుతుంది. పొడవు జుట్టు ముడి వేసుకోవాలి.

ఏ నీళ్ళలో ఎంతసేపు

కొలను గోడ మీద డిగ్రీల సంఖ్య రాసి ఉంటుంది. మీరు చూడాల్సింది అదొక్కటే. 28 నుంచి 30 అంటే దిగగానే చలనిపిస్తుంది, ఈతకు బాగుంటుంది. 33 నుంచి 36 ఒంటి వేడికి దగ్గర, అందులో ఎంతసేపైనా కూర్చోబుద్ధవుతుంది. 38 అసలైన వేన్నీళ్ళు. 40 దాటితే నిమిషాలు లెక్కపెట్టుకోవాలి.

మొదట 33 నుంచి 36 డిగ్రీల కొలనులో పది, పదిహేను నిమిషాలు. తర్వాత 38లోకి మారి పది నిమిషాలు. బయటికి వచ్చి ఐదు నిమిషాలు కూర్చుని రెండు గుక్కలు నీళ్ళు తాగండి. ఆవిరి గదికో, పొడి వేడి గది అయిన సౌనాకో వెళ్ళాలనుకుంటే ఇప్పుడు, ఎనిమిది నిమిషాలకు మించకుండా. ఆవిరి నుంచి నేరుగా చన్నీళ్ళ తొట్టిలోకి దూకకూడదు. ముందు చెమట కడుక్కుని, ఆ తర్వాత పాదాలు, చేతులు, భుజాలు అనే వరసలో చన్నీళ్ళు అలవాటు చేసుకుని, అప్పుడు తొట్టిలో అర నిమిషం. ఆపైన పడక కుర్చీలో పదిహేను నిమిషాల విశ్రాంతి. ఈ విశ్రాంతిని ఎగరగొట్టేవాళ్ళే ఎక్కువ. నిజానికి ఒళ్ళు తేలికపడేది అప్పుడే. ఇలా రెండు చుట్లు చాలు, మూడోది మీ ఓపికను బట్టి. రుదాష్‌లోని 42 డిగ్రీల కొలనులో అయిదు నిమిషాలు చాలా ఎక్కువ.

ఇంత లెక్క దేనికంటే, మామూలుగా ఒంటి వేడి చర్మం ద్వారా గాలిలోకి పోతుంది. 38 డిగ్రీల నీళ్ళలో ఆ దారి మూసుకుపోతుంది. చెమట పట్టినా నీళ్ళలో ఆరదు. చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, రక్తపోటు తగ్గుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. కూర్చున్నంతసేపూ ఇదేమీ తెలియదు. దిగ్గున లేచి నిలబడగానే రక్తం కాళ్ళలోకి జారి కళ్ళు బైర్లు కమ్ముతాయి. అందుకే ముందు మెట్టు మీద నడుము దాకా నీళ్ళలో ఒక నిమిషం కూర్చుని, చువ్వ పట్టుకుని మెల్లగా లేవాలి. తల తిరిగితే అక్కడే నేల మీద కూర్చోండి, నడవకండి.

భోజనం చేశాక కనీసం గంటన్నర ఆగి దిగాలి. పూర్తిగా ఖాళీ కడుపూ మంచిది కాదు, రెండు ఇడ్లీలంత తేలికైన తిండి చాలు. మద్యం తాగి వేన్నీళ్ళలో దిగడం ప్రమాదం. గర్భిణులు, గుండె జబ్బున్నవాళ్ళు, అదుపులో లేని రక్తపోటున్నవాళ్ళు, జ్వరమో పచ్చి పుండో ఉన్నవాళ్ళు వేడి కొలనులకు దూరంగా ఉండాలి. చక్కెర జబ్బుతో పాదాల స్పర్శ తగ్గినవాళ్ళకు నీళ్ళ వేడి సరిగా తెలియదు. వాళ్ళు 36 దాటకుండా ఉండటం మంచిది. బీపీ మాత్రలు వేసుకునే పెద్దవాళ్ళను తీసుకెళ్తుంటే బయల్దేరే ముందే ఇంటి దగ్గర డాక్టర్ని అడగండి.

కొలను నీళ్ళు తాగకూడదు. ఈ ఖనిజ జలం రుచి చూడాలనిపిస్తే ఎలిజబెత్ వంతెన దగ్గర, రుదాష్ పక్కనే, తాగడానికే పెట్టిన చిన్న శాల ఉంది. గోరువెచ్చగా, ఉప్పుగా, కొంచెం తుప్పు వాసనతో ఉంటాయి. గ్లాసు చాలు, సీసా అక్కర్లేదు.

చలికాలంలో బయటి కొలనుకు

లోపలి నుంచి బయటి కొలనుకు ఇరవై ముప్పై అడుగులు గడ్డకట్టే గాలిలో నడవాలి. చెప్పులు, తువ్వాలు కొలను గట్టు దాకా తీసుకెళ్ళండి. తువ్వాలు గట్టు మీద పెడితే తడిసి మంచుగడ్డలా తయారవుతుంది, కొక్కేనికి తగిలించండి. జుట్టు తడవనివ్వకండి. ఉన్ని టోపీ పెట్టుకుని నీళ్ళలో కూర్చున్నవాళ్ళను చూసి నవ్వుకోవద్దు, వాళ్ళే తెలివైనవాళ్ళు. తిరిగి వచ్చేటప్పుడు పరుగెత్తకండి, రాళ్ళ మీద నీళ్ళు పలచగా గడ్డకట్టి ఉంటాయి.

బయల్దేరే ముందు

మూసే వేళకు కొంచెం ముందే కొలనుల్లోంచి లేపేస్తారు, కనుక చివరి అరగంట బట్టలు మార్చుకోవడానికే అనుకోండి. మంచినీళ్ళ షవరు కింద ఒళ్ళు కడుక్కోండి. ఖనిజాలు ఆరితే చర్మం దురద పెడుతుంది. తర్వాత కొబ్బరినూనో లోషనో రాసుకోవచ్చు. ఈత దుస్తులు పిండే చిన్న గిరగిర యంత్రం బట్టలు మార్చుకునే చోట కనిపిస్తే మూత నొక్కి పట్టుకోండి, అరనిమిషంలో నీళ్ళన్నీ పోతాయి. అద్దె తువ్వాలు తీసుకుని ఉంటే తిరిగిచ్చి రసీదు చూపించి డిపాజిట్ తీసుకోండి. గేటు దగ్గర చేతి పట్టీని పెట్టెలో వేస్తేనే దారి తెరుచుకుంటుంది. తల పూర్తిగా ఆరేదాకా, చలికాలమైతే కనీసం అరగంట, లోపలి కెఫేలో కూర్చోండి. ఆ తర్వాత ఆకలి దంచేస్తుంది. శాకాహారులు బయట లాంగోష్ అడగొచ్చు. మన భటూరాలాగా పులిసిన పిండిని నూనెలో వేయించి, పైన వెల్లుల్లి నీళ్ళు, పుల్లటి మీగడ, తురిమిన జున్ను వేసి ఇస్తారు. మాంసం వద్దని చెప్పడానికి హూష్ నేల్‌క్యూల్ అంటే చాలు.